వాటర్‌లెస్ కూలెంట్ పోయించే ముందు

రోహిణి కార్తెలో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పాకుతుంటే కూలెంట్ మీదే అనుమానం వస్తుంది. ఒకసారి పోస్తే మళ్లీ చూడక్కర్లేదన్న మాట విని నీళ్లు కలపని వాటర్‌లెస్ కూలెంట్ గురించి ఆరా తీస్తారు. అది మంచి సరుకే. కానీ వేడెక్కే బండికి అది మందు కాదు, కొన్ని బండ్లలో వేడిని ఇంకాస్త పెంచుతుంది కూడా.

ఇందులో ఉండేది గ్లైకాల్ అనే చిక్కటి ద్రవం, తుప్పు పట్టనివ్వని రసాయనాలు. నీటి చుక్క ఉండదు. సగం గ్లైకాల్, సగం నీళ్లు ఉండే మామూలు 50:50 కూలెంట్, రేడియేటర్ క్యాప్ (మూత) ఒత్తిడి లేకపోతే సుమారు 107 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. 1.1 బార్ క్యాప్ బిగిస్తే ఆ హద్దు 130కి దగ్గరగా వెళ్తుంది. వాటర్‌లెస్ అయితే ఒత్తిడి లేకుండానే 180 దాటినా మరగదు. అందుకే ఇంజిన్ పైభాగమైన హెడ్‌లో, పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ ఆవిరి బుడగలు కట్టవు, గొట్టాల మీద ఒత్తిడి తక్కువ, లోపల సున్నపు గార పేరుకోదు, తుప్పూ ఉండదు.

అయితే మరగకపోవడం వేరు, వేడిని మోయడం వేరు. నీళ్లంత బాగా వేడిని మోసే ద్రవం మరొకటి దొరకడం కష్టం. లీటరుకు లీటరు లెక్కేస్తే 50:50 మిశ్రమం కంటే ఉత్త గ్లైకాల్ దాదాపు ఐదో వంతు తక్కువ వేడి మోస్తుంది. పైగా చిక్కన కాబట్టి వాటర్ పంపు అదే వేగంతో తిరిగినా పారేది తగ్గుతుంది. ఫలితంగా హెడ్ మునుపటి కంటే కొన్ని డిగ్రీలు వేడిగా నడుస్తుంది, ఫ్యాన్ ఎక్కువసేపు తిరుగుతుంది. ఇంకో తిరకాసు ఉంది. మామూలు కూలెంట్ పొంగి, బానెట్ కింద ఆవిరి లేస్తే బండి ఆపేస్తాం. ఇది పొంగదు. అల్యూమినియం హెడ్ వంకర పోయేంత వేడెక్కినా పైకి ఏమీ కనబడదు. ముల్లు లేకుండా ఎర్ర లైటు ఒక్కటే ఉన్న బండికి ఇది పోయడం మాకు ఇష్టం లేదు.

కాబట్టి ముందు ఉన్న జబ్బు పట్టుకోవాలి. ఏసీ వేయగానే రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందా? రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దుమ్ము, పురుగులు అట్టకట్టాయా? గుంటూరు మిర్చి యార్డు వైపు రోజూ తిరిగే బండ్లలో అక్కడ చెయ్యి పెడితే దుమ్ము పెచ్చులుగా ఊడుతుంది. క్యాప్ రబ్బరు గట్టిపడిందా? ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వును ఎవరైనా తీసేశారా? "వాల్వు పీకేస్తే చల్లగా ఉంటుంది" అనే సలహా ఇంకా వినబడుతూనే ఉంది. అది లేకపోతే ఇంజిన్ వేడెక్కడం ఆలస్యమై పెట్రోలు ఎక్కువ తాగుతుంది. చల్లటి ఇంజిన్‌కు రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేయండి. బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ కింద సీలుగా ఉండే గ్యాస్కెట్ పోయినట్టే, అప్పుడు ఏ కూలెంట్ పోసినా దండగ. బోరు నీళ్లు పోసిన బండి అయితే ఫ్లష్ చేయించి, కంపెనీ చెప్పిన రకం కూలెంటును డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి పోస్తే చాలావరకు గొడవ తీరుతుంది.

మరి వాటర్‌లెస్ ఎవరికి? నెలల తరబడి షెడ్డులో ఉండే పాత అంబాసిడర్, పద్మిని లాంటి వాటికి, సిలిండర్ గోడలైన లైనర్లకు గుంటలు పడే పాత డీజిల్ ఇంజిన్లకు పనికొస్తుంది. వారంటీలో ఉన్న కారుకు వద్దు. రోజూ విజయవాడ–గుంటూరు తిరిగే హ్యాచ్‌బ్యాక్‌కు ఆ డబ్బు దండగే.

మార్చాలనే నిర్ణయించుకుంటే అసలు పని పాత నీళ్లను బయటికి పంపడం. మిగిలే నీళ్లు 3 శాతం దాటకూడదు. సిస్టమ్ 5 లీటర్లదైతే 150 మిల్లీలీటర్లు, అంటే ఒకటిన్నర టీ గ్లాసు. రేడియేటర్ కింది గొట్టం ఊడదీస్తే ఇంచుమించు సగమే దిగుతుంది. మిగతాది ఇంజిన్ బ్లాకులో, క్యాబిన్‌ను వేడి చేసే చిన్న రేడియేటర్ లాంటి హీటర్ కోర్‌లో ఉండిపోతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. హీటర్ నాబ్ ఫుల్ వేడి వైపు తిప్పండి. మన ఊళ్లో ఆ నాబ్ ఎవరూ ముట్టుకోరు కాబట్టి ఈ మెట్టే మరిచిపోతారు. కింది గొట్టం, బ్లాక్ డ్రెయిన్ బోల్టు రెండూ తీయాలి. రిజర్వాయర్ ఊడదీసి కడిగి ఆరబెట్టాలి. హీటర్ గొట్టాల గుండా గాలి తక్కువ ఒత్తిడితో ఊదాలి. టైర్ల షాపు గాలి పూర్తి ఒత్తిడితో పెడితే ప్లాస్టిక్ ట్యాంకు చిట్లుతుంది. తర్వాత మిగిలిన నీళ్లను లాగేసే, అదే కంపెనీ ప్రెప్ ద్రవం నింపి, థర్మోస్టాట్ తెరుచుకుని పైగొట్టం, కిందిగొట్టం రెండూ వేడెక్కాక పది నిమిషాలు నడపండి. చల్లార్చి అదంతా దించేయండి. అప్పుడు వాటర్‌లెస్ పోసి, లోపల చిక్కుకున్న గాలి తీసి, కంపెనీ చెప్పిన పరీక్ష స్ట్రిప్‌తోనో, ఒక చుక్కతో నీటి శాతం చూపే రిఫ్రాక్టోమీటర్‌తోనో తేమ చూడండి. 3 శాతం దాటితే కొంత దించి కొత్తది పోయక తప్పదు. ఈ పరీక్ష చేయనంటే ఆ షాపులో పని చేయించకండి.

మార్చకముందూ మార్చాకా ఇంజిన్ కంప్యూటర్ అంకెలు చూపే ఓబీడీ స్కానర్ పెట్టి, ఫ్యాన్ ఎన్ని డిగ్రీలకు తిరుగుతోందో, ఎన్నింటికి ఆగుతోందో, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో గరిష్ఠం ఎంతో రాసిపెట్టుకోండి. గరిష్ఠం బాగా పెరిగితే, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంటే పాత కూలెంటుకే వెళ్లిపోండి.

డిక్కీలో అదే సరుకు ఒక లీటరు ఉండాలి. హైవే మీద గొట్టం పగిలితే నీళ్లు పోసి ఇంటికి చేరొచ్చు, తప్పు లేదు. కానీ ఆ తర్వాత మొత్తం దించి, ప్రెప్ నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సిందే. దించిన కూలెంట్ కాలవలో పోయకండి, మూత బిగించి దాచండి. ఎథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కొంచెం తాగినా చస్తాయి.