మిర్చి కోతలకు ముందే తెలుసుకోవాల్సిన నోరు, గొంతు జాగ్రత్తలు

సంక్రాంతి దాటిందంటే గుంటూరు, పల్నాడు, ఖమ్మం, వరంగల్ వైపు మిర్చి కోతలు ఊపందుకుంటాయి. కర్నూలు పడమటి మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వలస వచ్చి పొలాల దగ్గర గుడారాలు వేసుకుంటాయి. కోత, కల్లంలో ఆరబోత, తాలుకాయలు ఏరడం, టిక్కీలకు, అంటే గోనె సంచులకు, ఎత్తడం అయ్యేసరికి ఎండలు ముదురుతాయి. ఆ వెంటనే ఇళ్ళల్లో ఆవకాయ కారం పని మొదలు. ఈ నెలల్లో పెదాలు మండటం, గొంతు గరగర, పొడిదగ్గు ఎవరికైనా వచ్చేవే, చాలావరకు వాటంతటవే పోతాయి. చిక్కల్లా ఒక్కటే. గొంతులో ఏం తేడా వచ్చినా "కాయల ఘాటులే" అని ఊరుకుంటాం. ఆ మాట మాటున అసలు జబ్బులు నెలల తరబడి దాక్కుంటాయి.

ముందు ఘాటు సంగతి. మిరపలోని కాప్సైసిన్ అనే పదార్థం వేడిని గుర్తించే నాడుల్నే తట్టిలేపుతుంది. అందుకే కాలకపోయినా కాలినట్టే ఉంటుంది. అది నీళ్ళలో కరగదు, నూనెలోనూ కొవ్వులోనూ కరుగుతుంది. చెంబుడు నీళ్ళు తాగినా నోటి మంట తగ్గదు. చల్లటి పాలో పెరుగో నోట్లో కాసేపు ఉంచుకుని మింగితే తగ్గుతుంది. మండుతున్న నోటికి వేడి టీ తగిలితే మంట ఇంకా రేగుతుంది, కాస్త ఆగి తాగండి.

నోటికి ఘాటు తగిలేది ఎక్కువగా చేతుల నుంచే. కాయలు ఏరుతూ ఏరుతూ దాహమేసి సీసా మూత తీస్తాం. వేళ్ళకున్నది మూతికి అంటుకుంటుంది, అక్కడి నుంచి పెదాలకు. బీడీ, వక్కపొడి, మధ్యాహ్నం అన్నం ముద్ద, అన్నిటిదీ అదే దారి. తినబోయే ముందు చేతులకు కాస్త వంటనూనె రాసి, ఆపైన సబ్బుతో రెండుసార్లు కడగండి, గోళ్ళ సందులతో సహా. ఉత్త నీళ్ళతో కడిగితే పోదు. తాగే నీళ్ళ సీసా విడిగా సంచిలో పెట్టుకోవాలి. చంటిపిల్లల తల్లులు పాలిచ్చే ముందు చేతులతో పాటు రొమ్ము కూడా శుభ్రం చేసుకోవాలి, పనిలో కట్టుకున్న చీర కొంగుతో బిడ్డ మూతి తుడవకూడదు.

గొంతుకు ముప్పు దుమ్ముతో. కల్లంలో కాయలు తిరగేసేటప్పుడు, టిక్కీలు దులిపేటప్పుడు లేచే పొడి సన్నగా ఉంటుంది. ఒంటి పొర చున్నీ దాన్ని పూర్తిగా ఆపదు. ముఖానికి సరిగ్గా అతుక్కునే ఎన్95 మాస్కు మేలు. అది లేకపోతే దట్టమైన నూలు గుడ్డను రెండు మడతలేసి ముక్కూ నోరూ మూసేలా కట్టుకోండి, రోజూ ఉతకండి. బయటి వైపు లోపలికి తిప్పి కట్టుకుంటే ఘాటంతా ముక్కులోకే పోతుంది. గాలి వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు కాయలు దులిపే పనికి వెళ్ళకపోవడమే మంచిది. వెళ్ళక తప్పకపోతే ఇన్‌హేలర్ గుడారంలో కాదు, ఒంటిమీదే ఉండాలి. పిల్లల్ని రాశుల మీద ఆడనివ్వకండి.

ఇంట్లో మిక్సీలో కారం పట్టినప్పుడు ఆపిన వెంటనే మూత తీయకండి. పొడి అడుగుకు దిగేదాకా ఆగండి. ఎండుమిర్చి వేయించేటప్పుడు కిటికీలు తెరవండి.

గొంతు గరగరలాడితే గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగుసార్లు పుక్కిలించండి. నీళ్ళు బాగా తాగండి. తేనె మంచిదే, కానీ ఏడాది నిండని పిల్లలకు వద్దు. పని ఆపాక ఈ ఇబ్బంది గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో సర్దుకోవాలి. మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకుని మింగొద్దు, ఘాటు మీద అది పనిచేయదు.

తగ్గడం లేదంటే అది ఘాటు కాదు. గొంతునొప్పి వారం దాటినా, జ్వరంతో మింగుడుపడకపోయినా, గొంతు ఒకవైపే పోటు పెట్టి నోరు తెరవలేకపోయినా డాక్టరుకు చూపించాలి. పిల్లలకు గొంతులో బూడిదరంగు పొర కనిపిస్తే అది కంఠసర్పి (డిఫ్తీరియా) కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బొంగురు మూడు వారాలైనా వదలకపోతే, ఉమ్ములో రక్తం పడితే, మెడలో గడ్డ తగిలితే వాయిదా వేయకండి. మామూలు నోటిపూత రెండు వారాల్లో మానుతుంది. మానని పుండు, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నొప్పి లేకపోయినా సరే, చూపించాల్సిందే.

గుట్కా, ఖైనీ, వక్క నమిలే వాళ్ళకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇదివరకు ఇష్టంగా తిన్న పచ్చడే ఇప్పుడు నోట్లో పెట్టలేనంత మండుతోందా? అద్దం ముందు నోరు తెరిచి మూడు వేళ్ళు నిలువుగా పెట్టి చూడండి. పట్టకపోతే, బుగ్గల లోపల తెల్లబారి బిరుసుగా ఉంటే, అది వక్క వల్ల నోటి లోపలి పొర బిగుసుకుపోయే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే జబ్బు కావచ్చు. కొందరిలో అది క్యాన్సర్‌కు దారితీస్తుంది. కారం తగ్గించి తింటే మంట తెలియదంతే, జబ్బు ఆగదు. నమలడం మానేసి వెంటనే దంత వైద్యుడికి చూపించండి.

పురుగుమందు కొట్టిన చేలో ఎన్ని రోజుల తర్వాత కోతకు దిగాలో డబ్బా మీద రాసి ఉంటుంది, మేస్త్రిని అడగండి. గొంతు మంటతో పాటు నోట్లో నీళ్ళూరడం, చెమటలు, వాంతి, చూపు మసకబారడం ఉంటే పురుగుమందు విషంగా అనుమానించాలి. బట్టలు మార్చి, ఒళ్ళు సబ్బుతో కడిగి, బలవంతాన కక్కించకుండా, డబ్బాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఊపిరి ఆడకపోయినా, పీల్చేటప్పుడు కీచుమని శబ్దం వచ్చినా, నాలుకా పెదాలూ వాచినా, లాలాజలం కూడా మింగలేకపోయినా 108కి ఫోన్ చేయాలి. వలస వచ్చిన వాళ్ళకు ఊరి పేర్లు తెలియవు. అందుకే పనిలో దిగిన మొదటి రోజే రైతు దగ్గర ఊరు, మండలం, పొలం దారిలో కనిపించే గుర్తు అడిగి గుడారంలో అందరిచేతా గట్టిగా చెప్పించండి.