పెద్దల సంరక్షణ నేర్చుకుందాం – 4: యూరిన్ కల్చర్ రిపోర్టు చేతికొస్తే

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారు కదా? వృద్ధాశ్రమంలో మీరు చూసుకునే పెద్దావిడకు వారం పాటు ఒకే వేళకు థర్మామీటరు పెట్టి అంకె రాయమన్నాను. ఆ పేజీ తీసి పక్కన పెట్టుకోండి.

ఇప్పుడొక యూరిన్ కల్చర్ రిపోర్టు, అంటే మూత్రంలో ఏ బాక్టీరియా ఉందో, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పే పరీక్ష రిపోర్టు చూద్దాం. వయసు 82. ‘ఈ. కోలి (ఒక రకం బాక్టీరియా), మిల్లీలీటరుకు లక్షకు పైగా’ అని రాసి, కింద యాంటీబయాటిక్ మందుల పట్టిక ఇచ్చారు. సిప్రోఫ్లాక్సాసిన్ పక్కన ‘ఆర్’. సెఫ్ట్రియాక్సోన్ పక్కనా ‘ఆర్’. మెరోపెనెం అనే ఇంజెక్షన్ దాకా వస్తే గాని ‘ఎస్’ కనబడదు. ఆర్ అంటే బాక్టీరియా ఆ మందుకు లొంగదని, ఎస్ అంటే లొంగుతుందని. చూడగానే గుండె గుభేలుమంటుంది, వెంటనే ఇంజెక్షన్ మొదలుపెట్టించాలనిపిస్తుంది.

ఆగండి. అసలు పరీక్షకు ఎందుకు పంపారో కనుక్కోండి. మూత్రం వాసన వస్తోందట, అంతే! ఆవిడ పొద్దున మూడు ఇడ్లీలు తిని, చట్నీలో ఉప్పు చాలలేదని వంటమనిషితో తగువు కూడా పెట్టుకుంది. జ్వరం లేదు, మంట లేదు. ఇలాంటి ఆశ్రమాల్లో ఉండే స్త్రీలలో 25 నుంచి 50 శాతం మందికి ఏ బాధా లేకుండానే మూత్రంలో బాక్టీరియా ఉంటుంది. నెలల తరబడి మూత్రం పోవడానికి గొట్టం వేసి ఉన్నవారిలో దాదాపు అందరికీ ఉంటుంది. దానికి మందు అక్కర్లేదు.

వేస్తే నష్టమేమిటి? పేగుల్లో మందుకు లొంగేవి చచ్చిపోయి, మొండివాటికి చోటు దొరుకుతుంది. ఆ మొండితనాన్ని ఇచ్చే జన్యువులను అవి పక్క బాక్టీరియాకూ అందిస్తాయి. ఇక ఒకరి డైపరు మార్చి, చేతులు కడగకుండా పక్క మంచం దగ్గరికి వెళ్తే చెప్పేదేముంది.

డాక్టరుకు చెప్పాల్సిన లక్షణాలు వేరు. మూత్రం పోసేటప్పుడు కొత్తగా మంట, జ్వరంతో పాటు పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం, రక్తం పడటం. జ్వరమంటే 100 దాటడమే కాదు, మామూలు కంటే 2 డిగ్రీలకు మించి పెరిగినా జ్వరమే. మీ పేజీలో రోజూ 97 ఉన్న మనిషికి 99.4 వస్తే తేలిగ్గా తీసుకోవద్దు.

నాకు ఎక్కువ వాదనలు వచ్చేది మతిమరుపు, తికమక దగ్గర. ‘అమ్మ నిన్నటి నుంచి తికమక పడుతోంది, మూత్రంలో ఇన్ఫెక్షనే’ అని ఇంటివాళ్లు తేల్చేస్తారు. జ్వరం గాని, మూత్ర బాధలు గాని లేకపోతే మందు మొదలుపెట్టకుండా ఇతర కారణాలు వెతుకుతూ కనిపెట్టుకుని ఉండమని 2019 నాటి అమెరికా నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. నీళ్లు తగ్గాయా? మూడు రోజులుగా విరేచనం కాలేదా? కొత్త నిద్రమాత్ర ఏదైనా మొదలైందా? అయితే వణుకుతో జ్వరం వచ్చినా, బీపీ పడిపోయినా ఇవేవీ ఆలోచిస్తూ కూర్చోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అభ్యాసం: గొట్టం ఉన్న 78 ఏళ్ల పెద్దాయన. సంచిలో మూత్రం మసకగా ఉంది. మామూలుగా 97.4, ఈరోజు 97.8. భోజనం చేశారు, పేపరు చదివారు. డాక్టరుకు ఫోనులో ఏం చెబుతారో రెండు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠంలో ఆ గొట్టం గురించే మాట్లాడుకుందాం.