పడవకి పొక్కులొచ్చాయి

కాకినాడలో మా మేడ మీద పదడుగుల తెరచాప పడవ కడుతున్నా. బరువు తగ్గాలని 4 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ తీసుకుని, ముక్కల్ని రాగితీగతో కుట్టి, అతుకుల్లో ఎపాక్సీ (ఆరితే గట్టిపడే జిగురు రెజిన్) నింపా. ఇలా కుట్టి అతికించడం 1962లో రూపొందిన మిర్రర్ డింగీ అనే చిన్న తెరచాప పడవ పద్ధతే.

పొద్దున్నే పైన ఫైబర్ గ్లాస్ గుడ్డ పరిచి రెజిన్ పూశా. తొమ్మిదయ్యేసరికి ఎండ ముదిరి, పెనం మీద అప్పడంలా గుడ్డంతా పొక్కులు! చెక్క వేడెక్కితే లోపలి గాలి వ్యాకోచించి పైకి తన్నుతుంది. పొక్కులన్నీ బ్లేడుతో కోసి, 80 నంబరు సాండ్ పేపర్‌తో రుద్దా. ఈసారి సాయంత్రం, చెక్క చల్లారే వేళ, ముందు పలచటి పూత వేసి, అది జిగటగా ఉండగానే గుడ్డ పరిచా. ఒక్క పొక్కు లేదు.

మర్నాడు చూస్తే పైన జిడ్డు పొర. మా తేమ గాలి పుణ్యం. నీళ్లు పోసి, గిన్నెలు తోమే పీచుతో కడిగాకే రెండో పూత. ఆ పీచు గురించి ఇంట్లో ఇంకా చెప్పలేదు.