తొలకరికి ముందు చెట్లు కొట్టే పనివాళ్ళు చూసుకోవాల్సినవి

రోహిణి కార్తె వచ్చిందంటే నా ఫోను ఆగదు. సాయంత్రం ఒక గాలిదుమారం లేచి, ఎక్కడో ఒక కొమ్మ కారు మీద పడిన ఫోటో వాట్సాప్‌లో తిరిగితే చాలు. ఏడాదంతా చెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్ళకే ఒక్కసారిగా భయం పట్టుకుంటుంది. "అన్నా, రేపు పొద్దున్నే వచ్చి కొట్టెయ్, ఎంతయినా ఇస్తా" అంటారు. ఈ 'ఎంతయినా ఇస్తా' అనే మాట వినగానే నేను ఒక అడుగు వెనక్కి వేస్తాను. ఇరవై ఏళ్ళలో నాకు తగిలిన దెబ్బలు, పోయిన డబ్బు, స్టేషన్ మెట్లెక్కిన రోజులు దాదాపు అన్నీ ఇలాంటి తొందర పనుల్లోనే. అందుకే మృగశిర లోపు మన లైనులో ఉన్నవాళ్ళు ఏం సర్దుకోవాలో రాస్తున్నాను.

ముందు కాగితం. మన పెరట్లో మనం నీళ్ళు పోసి పెంచిన చెట్టే అయినా, కొట్టాలంటే అనుమతి ఉండాలి. నీళ్ళు, నేల, చెట్లను కాపాడడానికి 2002లో వచ్చిన వాల్టా చట్టం ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నడుస్తోంది. చెట్ల విషయంలో అనుమతి అటవీ శాఖ నుంచి రావాలి. పట్నాల్లో మున్సిపాలిటీ పచ్చదనం విభాగాన్ని కూడా కలవాల్సి వస్తుంది. సరుగుడు, సుబాబుల్, నీలగిరి లాంటి సాగు చెట్లకు మినహాయింపులు ఉన్నాయి. అయితే ఆ జాబితాను నోటిమాటగా నమ్మొద్దు, మీ అటవీ రేంజి ఆఫీసులో ఒకసారి అడగండి.

"మా ఇల్లు, మా చెట్టు, ఎవడు చూస్తాడు?" అనే ఓనర్లకు నేను హైదరాబాద్‌లోని సైదాబాద్ సంగతి చెబుతాను. 2021 ఫిబ్రవరిలో అక్కడ ఇల్లు కట్టుకోవడానికి అడ్డమని ఒకాయన నలభై ఏళ్ళ వేపను కొట్టించాడు. చూసింది ఎనిమిదో తరగతి చదివే పిల్లవాడు. అటవీ శాఖకు ఫోన్ చేశాడు. అధికారులు వచ్చి వేసిన జరిమానా 62,075 రూపాయలు. ఇప్పుడు ప్రతి బాల్కనీలో ఒక ఫోన్ కెమెరా ఉంది. పైగా రంపం మోత నాలుగు వీధులకు వినిపిస్తుంది, దాచే పని కాదు మనది.

కాగితం ఉందంటే సరిపోదు, చదవాలి. రెండేళ్ళ కింద ఒకచోట ఓనరు అనుమతి పత్రం చూపించాడు, నేనూ తలూపి పని మొదలుపెట్టాను. రెండు చెట్లు పడ్డాక ఆయన టీ ఇస్తూ, "చెయ్యి ఎట్లాగూ పడింది కదా, ఆ మూల ఉన్న దాన్ని కూడా తీసెయ్" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చి పత్రం మళ్ళీ తీస్తే అందులో రెండు చెట్లే ఉన్నాయి, వాటి జాతి, చుట్టుకొలత కూడా రాసి ఉన్నాయి. మూడోది పత్రంలో లేదు. "మనసులో పెట్టుకోకన్నా" అన్నాడాయన. నేను మనసులో పెట్టుకున్నాను! అప్పటినుంచి రంపం బండిలోంచి దించకముందే పత్రంలోని ఇంటి నంబరు, చెట్ల లెక్క, జాతి, గడువు తేదీ చూసి ఫోటో తీసుకుంటాను. తర్వాత చెట్టుకు సుద్దతో గుర్తు పెడతాను. అధికారి వచ్చినప్పుడు "ఓనరు చెప్పాడు సార్" అంటే ఎవరూ వినరు. రంపం ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పేరు కూడా రాసుకుంటారు.

కొమ్మలే కదా అని అనుమతి వదిలేసే అలవాటు ఇంకొకటి. తీగలకు తగిలే నాలుగు రెమ్మలు తీయడం వేరు. మొండెం మిగిల్చి తల మొత్తం దించేయడం వేరు, దాన్ని ఏ అధికారీ కత్తిరింపు అనుకోడు. రెండోదానికి కాగితం లేకుండా నేను వెళ్ళను.

'ఎండిపోయింది' అనే మాట మీద కూడా కాస్త ఆగాలి. 2021లో తెలంగాణ అంతా వేపలు మాడిపోయినట్టు ఎండాయి, గుర్తుందా? కొనలు ఎండే తెగులు అది. చచ్చిపోయాయని చాలామంది కొట్టించేశారు. కొట్టించనివాళ్ళ ఇళ్ళ ముందు వేపలు చాలావరకు మళ్ళీ చిగురేశాయి. గోటితో బెరడు గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే అది బతికే ఉంది. నిజం చెప్పి, బేరం పోతే పోనివ్వండి.

ఇంటి పెరట్లో టేకు, చందనం, ఎర్రచందనం ఉంటే కొట్టడం సగం పనే, అసలు తలనొప్పి కలప కదిలించేటప్పుడు మొదలవుతుంది. రవాణా పర్మిట్ లేకుండా టేకు దుంగ ఆటో ట్రాలీలో వేస్తే చెక్‌పోస్టు దగ్గర బండితో సహా ఆగిపోతుంది. 2023 డిసెంబరు చివర్లో కేంద్రం దేశమంతటికీ ఆన్‌లైన్ రవాణా పాస్ విధానం తెచ్చింది, వేరే రాష్ట్రానికి పంపేవాళ్ళు అది చూసుకోండి. చందనాల జోలికి మాత్రం నేనసలు పోను. అటవీ శాఖవాళ్ళే నిలబడి చేయించుకుంటే తప్ప.

గూళ్ళు కూడా చూడాలి. పక్షి గూడును, గుడ్లను పాడుచేయడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరమవుతుంది. మనిషిని పైకి పంపకముందు పది నిమిషాలు కింద కూర్చుని ఏ పిట్ట ఎటు వాలుతోందో చూస్తే తెలిసిపోతుంది. పెద్ద తేనెపట్టు కూడా అప్పుడే కనబడుతుంది. రంపం మోతకు ఈగలు లేస్తే ముప్పై అడుగుల ఎత్తున మనిషి ఎటు పరిగెత్తాలి?

ఇక కరెంటు. ఇక్కడ మొహమాటం వద్దు. తీగకు దగ్గరున్న చెట్టుకు లైన్‌మన్ వచ్చి, సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే ఆ లైనులో కరెంటు ఆపిన అనుమతి) తీసుకుని, "తీసుకున్నా, ఎక్కండి" అని తన నోటితో మీ ఎదురుగా చెప్పాలి. వీధిలో కరెంటు పోయిందనో, ఓనరు మెయిన్ ఆఫ్ చేశాడనో ఎక్కితే ప్రాణం పోతుంది. పోయిన కరెంటు ఏ నిమిషమైనా వస్తుంది. ఇంటి మెయిన్‌కూ, పైన పోయే 11 కేవీ తీగకూ సంబంధమే లేదు. ఎవరింట్లోనో తప్పుగా కలిపిన జనరేటర్ నుంచి ఆగిన లైనులోకి కూడా కరెంటు ఎదురొస్తుంది. పచ్చికొమ్మ, తడిసిన తాడు రెండూ కరెంటును మోస్తాయి. లైన్‌మన్ కోసం 1912కి ఫోన్ చేసి, రాకపోతే రేపటికి వాయిదా వేయండి. ఓనరు అలిగితే అలగనివ్వండి.

వాన పడ్డాక చెట్టు మారిపోతుంది. ఆకు తడిసి బరువెక్కుతుంది, మట్టి మెత్తబడి వేరు పట్టు సడలుతుంది. మొన్నటిదాకా నిలబడ్డ చెట్టే కదా అని ధీమా వద్దు. మా పట్నం చెట్లకైతే ఇంకో శాపం ఉంది. సీసీ రోడ్డు మాను దాకా పోసేస్తారు, పైపు కోసమో కేబుల్ కోసమో ఒక పక్క వేళ్ళన్నీ తవ్వేస్తారు. అలాంటి తురాయి మొదటి గాలికే మొత్తంగా ఒరిగిపోతుంది. ఎక్కేముందు మొదలు చుట్టూ తిరగండి. ఒక పక్క నేల పగిలిందా, కుక్కగొడుగులు లేచాయా, చెద పట్టిందా చూడండి. గొడ్డలి మడమతో తట్టి వినండి. గట్టి మాను 'టక్' అంటుంది, బోలు మాను డప్పులా మోగుతుంది. డప్పులా మోగితే మనిషిని ఎక్కించొద్దు, క్రేన్ బకెట్ పిలిపించండి. జాతి కూడా ముఖ్యమే. చింత కొమ్మ వంగి చెబుతుంది. మునగ, నేరేడు కొమ్మలు చెప్పా పెట్టకుండా విరుగుతాయి.

మా దగ్గర పైకెక్కే కుర్రాళ్ళలో సగం మంది కల్లు గీత పని తెలిసిన ఇళ్ళవాళ్ళు. మోకు మీద వాళ్ళకు ఎంత నమ్మకమో! కానీ మోకు కత్తి పట్టే పనికి పుట్టింది. రంపం మిషన్ పట్టాక ఒక్క తాడు చాలదు, గొలుసు తగిలితే క్షణంలో తెగుతుంది. రెండు కట్లు ఉండాలి, అందులో ఒకటి లోపల ఉక్కు తీగ ఉన్నది కావాలి. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇచ్చింది. అవి అందుకున్నవాళ్ళు మూలన పడేయకుండా మన పనికీ తెచ్చుకుంటే బాగుంటుంది. తాడును ప్రతి ఉదయం మొత్తం చేత్తో తడమండి. బోరు మోటారుకు వాడిన పాత నైలాన్ తాడు మనిషికి కట్టొద్దు.

రంపం విషయంలో మూడు మాటలు. బ్లేడు ముక్కు పై భాగం దేనికీ తగలకూడదు, తగిలితే మిషన్ ముఖం మీదికి ఎగిరి వస్తుంది. భుజం ఎత్తు దాటి కోయకూడదు. నిచ్చెన మీద నిలబడి అసలే కోయకూడదు. కొమ్మ కోసేటప్పుడు ముందు కింద నుంచి ఒక కాటు పెట్టండి, లేకపోతే బెరడు మాను దాకా చీలిపోతుంది. మాను పడగొట్టేటప్పుడు పడాల్సిన వైపు ముక్కోణంగా చీల్చి, వెనక నుంచి కోస్తూ మాను మందంలో పదో వంతు చెక్క తెగకుండా వదలండి. అదే చెట్టుకు కీలులా పనిచేసి ఎటు పడాలో చెబుతుంది. తొందరలో ఆ కాస్తా కోసేస్తే చెట్టు ఇష్టమొచ్చిన వైపు పడుతుంది.

గాలివాన తర్వాత పడిపోయిన చెట్టు ఇంకా ప్రమాదం. మనకే కాదు, దానికీ టెన్షన్ ఉంటుంది. గోడ మీద వంగి ఆగిన కొమ్మ ఎక్కుపెట్టిన విల్లు లాంటిది. ముందు నొక్కుకున్న లోపలి వైపు కొంచెం కోయండి, తర్వాత సాగిన వైపు నుంచి పూర్తి చేయండి, అది ఎగిరే దారిలో మాత్రం నిలబడొద్దు. వేళ్ళతో సహా పెకిలి పడిన చెట్టు మాను కోయగానే మొదలు భాగం తిరిగి గుంటలోకి దభీమని కూర్చుంటుంది. ఆ గుంట దగ్గర ఫోటోలు దిగే పిల్లల్ని ముందు తరిమేయండి.

డబ్బు సంగతి. ఫోన్‌లో రేటు చెప్పొద్దు. గేటు వెడల్పెంత, కింద రేకుల షెడ్డు ఉందా, తీగలు ఎంత దూరం, ఆకు చెత్త ఎవరు ఎత్తాలి, మొద్దు పీకాలా, ఇవి చూడకుండా చెప్పిన రేటు నష్టమే. "కట్టె నువ్వే తీసుకో, కూలి ఎందుకు?" అనేవాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. నిద్రగన్నేరు, తురాయి కట్టెకు అడితీలో వచ్చేది ట్రాలీ కిరాయికి సరిపోతే గొప్ప. "నీ అంత పనివాడు లేడన్నా" అని మునగచెట్టు ఎక్కించి రేటు దించేవాళ్ళు ఇంకో రకం. ఏది చేస్తామో, ఏది చేయమో నాలుగు లైన్లు రాసి వాట్సాప్‌లో పంపి, సగం అడ్వాన్స్ తీసుకోండి. పనికి ముందు ప్రహరీ గోడ, పక్కింటి ట్యాంకు వీడియో తీసుకోండి, లేకపోతే ఎప్పటిదో పాత పగులు మీ లెక్కలోకి వస్తుంది. పక్కింటివాళ్ళ చెట్టు కొమ్మయితే వాళ్ళ సంతకం లేకుండా ముట్టుకోవద్దు, మధ్యలో మనం నలిగిపోతాం.

చివరగా ఒక చిన్న పని, ఈ వారమే చేయండి. ప్రధానమంత్రి సురక్ష బీమాకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో మనిషి పోతే ఇంటికి 2 లక్షలు. 18 నుంచి 70 ఏళ్ళ వాళ్ళు చేరొచ్చు. జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క, డబ్బు ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. పోయిన ఏడాది మా మనుషుల్లో ఇద్దరి ఖాతాల్లో ఆ 20 కూడా లేక బీమా ఆగిపోయింది, ఆ సంగతి మాకు తెలిసింది దసరాకి. ఈసారి అందరి ఖాతాల్లో తలో వంద నేనే వేశాను.