అక్టోబరులో విశాఖ తీరాన హైడ్రోఫోన్ దింపే ముందు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ నెలలో సముద్రంలోకి హైడ్రోఫోన్, అంటే నీటిలోపలి ధ్వనులు పట్టే మైకు, దింపాలంటే ఎవరికైనా గుండె పీచుపీచుమంటుంది. కానీ ఓడల మోతనీ గాలివాన ధ్వనినీ విడదీసి చూడాలంటే ఆ రోజుల రికార్డింగు కావాల్సిందే. అందుకే సెప్టెంబరులోనే సిద్ధం కండి.

అన్నిటికంటే ముందు అనుమతులు. ఇది నౌకాదళం ఉన్న ఊరు. పోర్టు నుంచీ, నేవీ నుంచీ కాగితం చేతికి రాకుండా తాడు కూడా నీటిలో తడపొద్దు. రికార్డింగు ఎవరికి ఇవ్వొచ్చో కూడా అప్పుడే రాయించుకోండి.

చోటు ఎంచేటప్పుడు మ్యాపుతో సరిపెట్టుకోకుండా ఫిషింగ్ హార్బరుకి వెళ్లి సరంగుల్ని, అంటే బోటు నడిపేవాళ్లని, అడగండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి అప్పుడు మరబోట్ల వలల భయం ఉండదు. అక్టోబరులో బోట్లన్నీ నీటిమీదే ఉంటాయి. ఒకసారి నేను చూపించిన చోటు చూసి ఓ పెద్దాయన, "ఇక్కడేత్తే రేపు మా వల్లోకే వచ్చేత్తాది బాబూ" అన్నాడు. ఆయన మాట విని జరిపాం, పరికరం దక్కింది. ఓడలు లంగరేసే చోటుకీ, రేవులోకి వచ్చే దారికీ దూరంగా ఉండండి.

ఇక అసలు సంగతి. ఓడల మోత ఎలాగూ రికార్డవుతుంది, మనం తీసుకెళ్లిన సామాను మోత కూడా దాంతోపాటే రికార్డవుతుంది. నా మొదటి రికార్డింగు నిండా "టక్... టక్" అని చప్పుడే. వదులుగా ఉన్న ఒక్క షాకిల్ (తాడునీ గొలుసునీ కలిపే ఇనప కొండీ) అలకి ఊగి గొలుసుకి కొట్టుకుంది. మూడు రోజుల డేటా పోయింది. అప్పటినుంచి ఇనుము ఇనుముకి తగిలే ప్రతిచోటా రబ్బరు చుడతాను. పైన తేలే బోయాకి హైడ్రోఫోన్‌ని నేరుగా వేలాడదీయను. అడుగున బరువు పెట్టి, నీటి మధ్యలో చిన్న తేలుడు బంతితో నిలబెడతాను.

తాడు కూడా పాడుతుంది. సెంటీమీటరు మందం తాడు మీదుగా సెకనుకు అర మీటరు వేగంతో ప్రవాహం పోతే దాదాపు 10 హెర్ట్జ్ దగ్గర కంపిస్తుంది. 30 మీటర్ల లోతులో అంత తక్కువ పౌనఃపున్యంలో దూరపు ఓడ ధ్వని పెద్దగా ప్రయాణించలేదు. కాబట్టి ఏ పౌనఃపున్యంలో ఎంత ధ్వని ఉందో చూపే గ్రాఫులో 20 హెర్ట్జ్ కిందుగా గీత ఎత్తుగా లేస్తే ఓడని కాక ప్రవాహాన్ని అనుమానించండి. ఓడల మోత కోసం 63, 125 హెర్ట్జ్ చుట్టూ ఉన్న పౌనఃపున్య పట్టీలు చూడండి. రెండు వేల హెర్ట్జ్ దాటాక పోపులో ఆవాలు చిటపటలాడినట్టు వినిపిస్తే పరికరం చెడిందని కంగారుపడకండి, చిటికెల రొయ్యలు అలాగే అంటాయి.

గెయిన్, అంటే రికార్డరు ధ్వనిని ఎంత పెంచి తీసుకోవాలో చెప్పే సెట్టింగు, తక్కువగానే ఉంచండి. నిశ్శబ్దం స్పష్టంగా రావాలని పెంచితే, దగ్గర్లో పెద్ద ఓడ పోయినప్పుడు తరంగం పైభాగం కోసుకుపోతుంది. దాన్ని తర్వాత ఏ లెక్కతోనూ బాగుచేయలేం. దింపే ముందు, తీశాక పిస్టన్‌ఫోన్‌తో (తెలిసిన స్థాయి ధ్వనిని పుట్టించే పరికరం) క్యాలిబ్రేషన్, అంటే కొలత సరిచూడటం, రెండుసార్లూ చేసి తీరాలి.

దింపే రోజున హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ల సముద్ర స్థితి సూచన చూసి, అల ఎక్కువంటే మానుకోండి. బోటులో అందరికీ లైఫ్ జాకెట్, వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఆపద పిలుపులకి వాడే 16వ ఛానల్ తెరిచి ఉంచాలి, ఒకరు ఓడలకేసి తప్ప మరో వైపు చూడకూడదు. జారిపోతున్న తాడు చుట్టల మధ్య కాలు పెట్టొద్దు. ఇంజను ఆపిన సమయం, బోటు దూరం జరిగిన సమయం పుస్తకంలో రాయండి. ఓడలు తమ ఉనికిని రేడియోలో తెలిపే ఏఐఎస్‌లో చిన్న బోట్లు చాలావరకు కనిపించవు, కాబట్టి కంటికి కనబడ్డవీ అందులోనే రాయండి.

తీశాక రికార్డరు ఆపకముందే దాని గడియారాన్ని జీపీఎస్ టైముతో పోల్చి తేడా నోట్ చేసుకోండి. డబ్బాలోకి నీరు చేరిందని అనుమానం వస్తే మూత ఒక్కసారిగా తెరవొద్దు. లిథియం బ్యాటరీ తడిసుంటే లోపల గ్యాసు పేరుకుని ఉండొచ్చు. ముఖం పక్కకి తిప్పుకుని, బిగింపులు కొద్దికొద్దిగా వదులు చేయండి.