బియ్యం డబ్బాలో ముక్కు పురుగు
డబ్బా అడుగున మిగిలిన గుప్పెడు పాత బియ్యం మీదే ఒకసారి కొత్తవి పోసేశాను. రెండు నెలలు తిరిగేసరికి గింజలకు సన్నటి చిల్లులు, చేతికంతా పిండి. ముక్కు పురుగు గింజను తొలిచి లోపలే గుడ్డు పెడుతుంది. జల్లెడ పడితే పెద్దవి పోతాయి గానీ పిల్లలు లోపలే ఉంటాయి.

ఇప్పుడు డబ్బా పూర్తిగా ఖాళీ చేసి, మూత అంచుల్లో పిండి దులిపి, కడిగి, బాగా ఆరాకే నింపుతాను. గింజలో తేమ 12 శాతం లోపు ఉంటే మేలు. పంటి కింద పటుక్కుమనాలి. కొత్తగా తెచ్చినవి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వారం ఉంచితే పురుగులు గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా సంచి విప్పకండి, చెమ్మ పడుతుంది. 15 రోజులకోసారి టార్చి వేసి చూడండి. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు మాత్రం ఇంట్లోకి రానివ్వొద్దు, వాటి నుంచి వచ్చే గ్యాస్ మనుషుల్నీ చంపుతుంది.