దాళ్వా (రబీ) ధాన్యంలో మీథేన్ తగ్గించాలంటే మిల్లర్లు చేయాల్సిన పని

బియ్యం కొనే కంపెనీ కర్బన లెక్క అడగ్గానే మిల్లు కప్పు మీద సోలార్ పలకలు పెట్టించాలనే ఆలోచన ముందు వస్తుంది. పెట్టించుకోండి, కరెంటు బిల్లు తగ్గుతుంది. కానీ టన్ను ధాన్యం ఆడడానికి 40 యూనిట్లు కాలాయనుకుందాం. యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ చొప్పున, ఎకరంలో పండే 3 టన్నులకి 84 కిలోలు. అదే ఎకరం చేను ఏం వదిలిందో చూడండి. ఎప్పుడూ నీళ్లు నిలిచి, గడ్డి కలిపి దున్నని మడికి ఐపీసీసీ (వాతావరణ మార్పుపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం) 2019లో దక్షిణాసియాకి ఇచ్చిన అంకె హెక్టారుకి రోజుకి 0.85 కిలోల మీథేన్. 100 రోజులకి ఎకరానికి 34 కిలోలు. మీథేన్‌ని కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మార్చాలంటే 27తో గుణించాలి కాబట్టి సుమారు 930 కిలోలు. అసలు బరువు చేలోనే ఉంది. అది తగ్గాలంటే మడిలో నీళ్లు ఎప్పుడూ నిలపకుండా మధ్యమధ్యలో ఆరనివ్వాలి.

ముందు గడ్డి సంగతి తేల్చుకోవాలి. సార్వా (ఖరీఫ్) కోత మిషన్‌తో కోయించి, గడ్డి చేలోనే వదిలేసి, నీళ్లు పెట్టి దమ్ము చేసి వెంటనే నారు ఊడ్చేస్తే మీథేన్ ఆ గడ్డి మీదే తయారవుతుంది. ఎకరానికి 2 టన్నుల ఎండుగడ్డి అలా కలిపితే అదే ఐపీసీసీ లెక్కలో దాదాపు మూడింతలు. ఇది వదిలేసి నీళ్లు ఆరబెట్టినా లాభం నిలవదు. గడ్డి కట్టలు కట్టించి పశువులకి పంపించండి, ఆ ఖర్చు మిల్లే పెట్టుకుంటే పని జరుగుతుంది. తగలబెట్టడం మాత్రం పరిష్కారం కాదు.

రెండోది చేను ఎంపిక. గోదావరి డెల్టాలో నీరు చాలాచోట్ల మడి నుంచి మడికే పారుతుంది. కింది రైతుకి నీళ్లు కావాలంటే పై మడి తడవాల్సిందే. అందుకే విడివిడిగా రైతులతో కాకుండా, ఒక పంట బోదె (చేలకి నీళ్లు తెచ్చే చిన్న కాలువ) కింది రైతులందరితో కలిపి మాట్లాడుకోండి, కౌలుదార్లతో సహా. కాలువ శివారు చేలు మొదటి ఏడు వద్దు. వంతు మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియని రైతు మడి ఆరనివ్వడు, అతన్ని తప్పు పట్టలేం. మొగల్తూరు, అల్లవరం వైపు ఉప్పు తేలే చేలు, రొయ్యల చెరువుల పక్క చేలు కూడా వద్దు. ఆరితే ఉప్పు పైకొస్తుంది. సార్వాలో వానలు, పొంగే మురుగు కాలువల మధ్య ఇది కుదరదు. దాళ్వాకే పరిమితం చేయండి.

ఇక మడి ఎంత ఆరిందో చూసే గొట్టం. నాలుగు అంగుళాల పీవీసీ గొట్టాన్ని 30 సెంటీమీటర్ల ముక్కలుగా కోసి, కింది 20 సెంటీమీటర్లకి చుట్టూ చిన్న రంధ్రాలు వేయండి. ఆ 20 మట్టిలోకి, 10 పైకి ఉండేలా దిగ్గొట్టి, లోపలి మట్టి అడుగుదాకా తోడేయాలి. గట్టుకి మీటరు దూరంలో, మరీ మెరకా పల్లమూ కాని చోట పెట్టాలి. మడిలో నీళ్లున్నప్పుడు గొట్టం లోపలా బయటా మట్టం ఒకటే ఉండాలి. లేదంటే బంకమట్టి రంధ్రాలు మూసేసినట్టే, పీకి కడిగి మళ్లీ దించండి.

ఊడ్చిన రెండు వారాలకి మొదలుపెట్టాలి. కలుపు ఎక్కువుంటే ఇంకో వారం ఆగాలి. గొట్టంలో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్లు కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు 5 సెంటీమీటర్లు పెట్టాలి. పూతకి వారం ముందు నుంచి వారం తర్వాత వరకు ఆరనివ్వకండి, తాలు పెరుగుతుంది. యూరియా ఎప్పటిలాగే బురద పదునులో వేసి, రెండు రోజుల్లో నీరు పెట్టాలి. వేసి నెర్రెలిచ్చేదాకా వదిలేస్తే ఎరువు వృథా, పైగా భూమి వేడిని పెంచే మరో వాయువు నైట్రస్ ఆక్సైడ్ రూపంలో మరో బరువు మీ లెక్కలో చేరుతుంది.

ఎప్పుడూ నీళ్లు నిలిచిన మడి మీథేన్‌ని 1 అనుకుంటే, ఐపీసీసీ లెక్కలో ఒక్కసారి ఆరితే గుణకం 0.71. అంతకంటే ఎక్కువసార్లు ఆరితే 0.55, అంటే ఎకరానికి సుమారు 420 కిలోలు తగ్గినట్టు. ఇది కాగితం మీద నిలబడాలంటే ఆరిన ప్రతిసారీ గొట్టంలో స్కేలు పెట్టి తీసిన తేదీ ఫొటో, సర్వే నంబరు ఉండాలి. కోతయ్యాక గుర్తు చేసుకుని రాసిన పుస్తకాన్ని ఆడిటర్ ఇట్టే పట్టేస్తాడు.

కాలువ నీటికి కొలత మీద డబ్బు కట్టని రైతుకి నీళ్లు ఆదా చేసినా చేతికొచ్చేది లేదు. ఎకరానికి ఇంత అని ముందే మాట్లాడి, సగం పూతకి ముందే ఇవ్వండి. ఇదే తగ్గింపుని కార్బన్ క్రెడిట్లుగా వేరేవాళ్లకి అమ్మితే, మళ్లీ బియ్యం బస్తా మీద చెప్పుకోకూడదు.

ఇంత చేసీ చివర్లో చెడేది కళ్లంలో, మిల్లు గోడౌన్‌లో. ఈ ధాన్యానికి వేరే రంగు దారంతో కుట్టిన సంచులు, వేరే వరస పెట్టండి. తూకం చీటీ మీద బోదె పేరు లేని లోడు వస్తే, ఎంత తెలిసిన రైతుదైనా మామూలు ధాన్యంలోనే దించండి.